చేను చెప్పిన చాడీ

ఇప్పుడు ప్రతి చేనూ మాట్లాడుతుంది. గొంతు మనం ఎంచుకోవచ్చు. మా ఆయన గవర్రాజు వాళ్ళమ్మ గొంతు పెట్టించారు.

"మినుము పాలిపోయింది. ఈ ప్రకృతి సేద్యం మనకొద్దు, యూరియా తెచ్చేస్తాను," అంటూ పొద్దున్నే సంచీ తీశారు.

నేను చట్నీ రుబ్బుతూనే వంటింటి స్పీకరులో చేనును అడిగాను. "ఏమైంది, అత్తయ్యా?"

"నాకు పోసే పేడనీళ్ళల్లో బెల్లం పడట్లేదే, కోడలా! అది లేందే నా మట్టికి బలమెక్కడిది?"

"అబద్ధం! ప్రతిసారీ వేశాను," అన్నారాయన.

షుగరని ఆయనకు తీపి మాన్పించాను. దండెం మీది ఆయన చొక్కా జేబులోకి చీమలు బారు కట్టాయి.

"ఒరే గవర్రాజూ, నా ముద్ద నువ్వు తినేసి, నన్ను యూరియా తినమంటావట్రా?" అంది చేను.

ఆయన సంచీ మడిచేశారు. ఇప్పుడు బెల్లం నేనే కలుపుతున్నాను. ఆయన బిందె మోసుకెళ్తే, చేను ముందుగా నోరు తెరిచి చూపించమంటోందట.