పడుగు తెంపినవాడు

"ఏయ్! పడుగు! పడుగు! కండ్లు కనవడ్తలేవా?"

మొగులయ్య అరిచేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

గంజి పెట్టి వీధి పొడుగునా చాపిన పడుగు మీద ఎవరో కొత్తమనిషి బోర్లా పడ్డాడు. నూలుపోగులు పుటుక్కు పుటుక్కుమని తెగాయి.

గద్వాల నేతవీధిలో పొద్దున్నే పడుగు చాపారంటే సైకిళ్లు కూడా చుట్టూ తిరిగి పోవాల్సిందే. పెళ్లి ఊరేగింపైనా ఆగాల్సిందే. ఈ మనిషేమో దాటబోయాడు. కుడికాలు పైకి లేవలేదు. ఈడ్చుకొచ్చిన ఆ కాలే పోగుల్లో చిక్కుకుంది.

అదీ ఏ రోజు? మొగులయ్య ఇంటికి హైదరాబాద్ నుంచి సారు వచ్చే రోజు!

మొగులయ్య కూతురు భూలక్ష్మికి నీళ్లంటే పిచ్చి. ఊరి బయట రాజన్న బావిలో ఈత నేర్చింది. బడి తరఫున హైదరాబాద్ పోటీలకు పోయి, అక్కడే మొదటిసారి స్ప్రింగ్‌బోర్డు చూసింది. తొక్కితే మనిషిని పైకి ఎగరేసే పలక. దానిమీంచి ఎగిరి, గాలిలో పల్టీ కొట్టి, చప్పుడు కాకుండా నీళ్లలోకి దిగిందట. అక్కడి సారు నోరు తెరిచాడట. నా దగ్గర ఉంచితే దేశం తరఫున దూకిస్తానన్నాడట.

"ఆ సారొచ్చి నన్ను అడగాలె. ఎవరో ఏమో తెల్వకుండ ఆడివిల్లను పంపుతనా?" అన్నాడు మొగులయ్య.

"ఆదివారం పొద్దుగాల వస్తనన్నడు నాయినా. బావిల నా దూకుడు సూస్తడంట."

"ఎట్లుంటడే సారు?"

భూలక్ష్మి జర ఆగింది.

"దేశం తరఫున దూకిన మనిషి నాయినా. ఎట్లుంటడు? పొడుగ్గ, గట్టిగ ఉంటడు."

పంపుతనా అని పైకి అన్నాడు గానీ మొగులయ్యకు లోపల సంబరమే. తండ్రి నాటి పాత మగ్గం విప్పి, బిడ్డ దూకడానికి దాని పొడుగు చెక్కను తానే బావి ఒడ్డున బిగించాడు. ఈ ఆదివారం భూలక్ష్మి చీకటితోనే లేచి, సారు వచ్చేలోపు దూకి చూసుకుందామని పొలం గట్ల మీదుగా బావికి పోయింది.

తెగిన పోగులు చూసి మొగులయ్య భార్య రామేశ్వరమ్మ నెత్తి కొట్టుకుంది.

కొత్తమనిషి ఎట్లాగో లేచాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. ఊపిరి అందడం లేదు.

"ఆ... దూకే పిల్ల... బావికాడికి పోయిందా?"

మొగులయ్యకు ఒళ్లు మండింది. కూతురు పొట్టిలాగు వేసుకుని ఈత కొడుతుంటే తొంగిచూసే పోకిరీలతో ఇప్పటికే పరేషాన్ అవుతున్నాడు.

"దూకే పిల్లతోటి నీకేం పనిరా?"

"బావి సూసొచ్చిన... ఆ పిల్లను..."

మిగతా మాట బయటికి రానేలేదు. మొగులయ్య చెయ్యి ఫెడీమని పడింది. మనిషి తూలి, పడుగుకు ఆనించిన కొయ్య మీద పడ్డాడు. నుదురు చిట్లింది. మళ్లీ లేవలేదు.

పక్కింటి బాలన్న వంగి చూశాడు. "తాగినట్టున్నడు మొగులన్నా. తెల్లారకముందే పట్టిచ్చిండు."

"సారొచ్చే యాళ్లకు గీ దరిద్రమేంది? అరుగు మీదికి గుంజుర్రి!"

మొగులయ్య ఉతికిన ధోతి కట్టుకుని, పూలదండ పట్టుకుని బస్టాండుకు పోయాడు.

బస్సు వచ్చింది. సంచులు దిగాయి, కోళ్లగంపలు దిగాయి. పొడుగ్గా గట్టిగా ఉన్న మనిషెవరూ దిగలేదు. ఇంకో బస్సు కూడా చూశాడు. బిడ్డకు ఏం చెప్పాలో తెలియక ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే బాలన్న ఉరికొచ్చాడు.

"మొగులన్నా... భూలచ్చి..."

బావి దారి వైపు చెయ్యి చూపించాడు.

భూలక్ష్మిని నులకమంచం మీద మోసుకొస్తున్నారు. మెడ ఒక పక్కకు వాలిపోయింది. బావి రాజన్న పక్కనే ఏడుస్తూ నడుస్తున్నాడు.

"ఎన్నడు లేంది రాత్రి కరెంటు పోనేలేదన్నా. మోటరు తెల్లార్లు నడిచి బావి నీళ్లన్ని గుంజింది. బావి అడుగు బండ మీద మోకాలెత్తు నీళ్లు గూడ లెవ్వు. పచ్చటి నీళ్లు, పిల్లకేం కనవడ్తది?"

దవాఖానకు దారి నేతవీధిలోంచే. పడుగు ఇంకా అడ్డంగానే ఉంది. మంచం మోసేవాళ్లు అలవాటుగా ఆగారు.

"తొక్కుర్రి! తొక్కి పోర్రి!" అని మొగులయ్య గొంతు చించుకున్నాడు. తానే పోగులను రెండు చేతులా తెంపేశాడు.

అరుగు మీద మనిషికి తెలివి వచ్చింది. నెత్తురు తుడుచుకోకుండానే కాలు ఈడ్చుకుంటూ దిగి, మంచానికి అడ్డం వచ్చాడు. ఈసారి ఆయన్ని కొట్టే ఓపిక ఎవరికీ లేదు.

భూలక్ష్మి అరికాలును గట్టిగా గిల్లాడు. కాలు కదల్లేదు. రెండో కాలూ గిల్లాడు. ఆ తర్వాత మంచం పట్టె పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

భూలక్ష్మి కళ్లు తెరిచింది. ఆయన్ని చూడగానే ఆ ముఖంలో సంతోషం కనిపించింది.

"వచ్చిండ్రా సార్?"

మొగులయ్య చేతిలో తెగిన పోగులు అట్లాగే ఉన్నాయి.

భూలక్ష్మి కళ్లు తండ్రి వైపు తిరిగాయి.

"సారు కాలు స్ప్రింగ్‌బోర్డు మీంచి దూకినప్పుడే పోయింది నాయినా... తెలిస్తే నన్ను పంపవని నీకు చెప్పలే."