సగం మాట

"రానీ ఆ సారును. నా కొడుకు కాళ్లు మొక్కించేదాక ఇడువ," అన్నాడు ఫిలిప్, కుర్చీని బర్రున లాక్కుని కూర్చుంటూ.

తూంకుంటలోని ఆ థెరపీ సెంటర్లో మామూలుగా పిల్లల గోల, ఉయ్యాల కిర్రుమనడం వినిపిస్తుంటాయి. ఆ శనివారం మాత్రం ఉయ్యాల ఖాళీగా ఉంది. ఫిలిప్ భార్య ప్రిస్కిల్లా తల వంచుకుని చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది. వాళ్లబ్బాయి జాషువా టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

జాషువాకు నోటితో మాటలు రావు. టాబ్లెట్లో బొమ్మ నొక్కితే అది పలుకుతుంది. అదే వాడి గొంతు. కిందటి నెల ఒక సాయంత్రం ఇంట్లో వాడు ఒకే ఒక బొమ్మ నొక్కాడు. "కొట్టిండు," అంది టాబ్లెట్. ఫిలిప్‌కు ఒళ్లు మండిపోయింది. "ఎవలు, పర్వతాలు సారా?" అని అడిగాడు. పిల్లవాడు రెండు చేతులూ టపటపా ఊపాడు. ఇంకేం కావాలి?

తెల్లారేసరికి స్కూలు వాట్సాప్ గ్రూపంతా వాడి క్లాసు టీచరు పర్వతాలు సార్ పేరే. ఆదివారం చర్చి బయట నిలబడి మరీ చెప్పాడు ఫిలిప్. వారం తిరక్కుండానే స్కూలువాళ్లు ఆయన్ను తీసేశారు. అయినా ఫిలిప్ కసి తీరలేదు. నోరులేని బిడ్డ మీద చెయ్యి చేసుకున్నవాడికి ఉద్యోగం పోతే సరిపోతుందా? నలుగురిలో తల దించుకోవద్దూ?

"ఇగ ఇడిసిపెట్టరాదు," అని ప్రిస్కిల్లా ఒకటికి రెండుసార్లు అంది. పిరికిదని తీసిపారేశాడు.

"పిలగాడు నా ముందట చెప్తే కాళ్లు మొక్కుత," అని సార్ కబురు పంపాడు. ఫిలిప్‌కు కావలసిందీ అదే.

పర్వతాలు సార్ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. నెల రోజుల్లోనే మనిషి సగమయ్యాడు. ఆయన్ను చూడగానే జాషువా చేతులు టపటపా ఊపడం మొదలుపెట్టాడు.

"చూసిండ్రా మేడం, ఎట్ల వణుకుతున్నడో," అన్నాడు ఫిలిప్.

"అది వణుకుడు కాదన్నా," అంది థెరపిస్టు ధరణి. "ఖుషీ అయినా ఊపుతడు, పరేషాన్ అయినా ఊపుతడు. అది వాని తీరు. మాన్పియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పిన మీకు?"

ఫిలిప్ పళ్లు కొరికాడు. ఆ ఊపుడు మాన్పించడానికి తాను పడ్డ తిప్పలు ఈమెకేం తెలుసు? చర్చిలో అందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే తల కొట్టేసినట్లయ్యేది తనకు, ఈమెకు కాదు. పిల్లలన్నాక కాస్త భయం ఉండాలి.

"నేను వాని మీద చెయ్యెత్తలే ఫిలిప్," అన్నాడు సార్ మెల్లగా.

"నువ్వు చెప్పకు. నా కొడుకు చెప్తడు."

ధరణి పిల్లవాడి పక్కన నేలమీదే కూర్చుంది. "ఎవరూ పేరు అందియ్యొద్దు. మధ్యల మాట్లాడొద్దు. వాడు సురువు జేస్తే ఐపోయేదాక ఆగాలె," అని, వాడి వైపు తిరిగింది. "జాషూ, నీ టాబ్లెట్ల నిన్న అందరి ఫోటోలు పెట్టినం గదా. చెప్పబుద్దైతే చెప్పు. వద్దనుకుంటే వద్దు."

జాషువా ఎవరి ముఖమూ చూడలేదు. చాలాసేపటికి వేలు కదిలింది.

"కొట్టిండు," అంది టాబ్లెట్.

ఫిలిప్ దిగ్గున లేచాడు. "ఇన్నరా అందరు? ఇగ మొక్కు."

పర్వతాలు సార్ కళ్లు తుడుచుకుని, మాట ప్రకారం, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగబోయాడు. ప్రిస్కిల్లా ముఖం కప్పుకుంది.

"ఆగుండ్రి," ధరణి చెయ్యి అడ్డం పెట్టింది. "వానిదింక ఐపోలే."

పిల్లవాడి వేలు సార్ ఫోటో దాకా వచ్చింది, దాన్ని దాటి పక్క ఫోటోను నొక్కింది.

"నాయిన," అంది టాబ్లెట్.