అట్ట చాటు పాచిక

“ఆ అట్ట తీసెయ్,” అంది అక్క.

తమ్ముడు పాచిక పిడికిట్లో పట్టుకుని ఆగిపోయాడు. అతని ముందు నిలబెట్టిన మడత అట్ట వెనకే మూడేళ్ళుగా, ప్రతి ఆదివారం, పాచికలు పడుతున్నాయి. కథ చెబుతూ ఆట నడిపేది అతను. అక్క, అతని భార్య, పై వాటాలో ఉండే ఎలక్ట్రీషియను ఆ కథలో తలో పాత్రా ఆడతారు. అట్ట వెనక ఎంత పడిందో అతను చెబితే వినడమే తప్ప చూసినవాళ్ళు లేరు.

“ఇప్పుడెందుకక్కా?”

“ఎందుకా? నా పాత్ర మూలికలమ్మని చూడు. మొదట చిటికెన వేలు పోయింది. తర్వాత ఎడమ చెయ్యి. పోయిన నెల కుడి కన్ను. ఇవాళ మళ్ళీ బాణం వచ్చి దానికే తగిలింది. నీ పెళ్ళాం పాత్రకి ఇన్నాళ్ళలో గోరు కూడా విరగలేదు.”

“మధ్యలో నన్నెందుకు లాగుతారు వదినా,” అంది మరదలు, నవ్వబోయి మానేసి.

అక్క తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. త్రాసు కింద అంటించిన అయస్కాంతాన్ని చేత్తో తడిమి పట్టేసే మనిషి. వారమంతా ఊరి మోసాలు పట్టే తను ఆదివారం సొంత తమ్ముడి దగ్గర మోసపోతున్నానేమోనన్న అనుమానం చాలాకాలంగా కంట్లో నలుసులా ఉంది. ఇన్నాళ్ళూ మింగేసింది. ఇవాళ నోరు ఆగలేదు.

ఆ బల్ల దగ్గరి నిబంధనలు వాళ్ళు పెట్టుకున్నవే. ప్రాణం మీదికొచ్చే దెబ్బ తగిలితే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పది దాటితే గాయం మానుతుంది. ఆరు నుంచి పది దాకా పడితే ప్రాణం దక్కుతుంది గానీ ఒంట్లో ఏదో ఒకటి పోతుంది. అయిదు, అంతకంటే తక్కువ పడితే చావే. చచ్చిన పాత్ర మళ్ళీ లేవదు. దాన్ని ఆడినవాళ్ళు కథంతా ముగిసేదాకా బల్ల దగ్గర కూర్చోకూడదు. ఈ కథ చూస్తే ఇంకో రెండేళ్ళకి గానీ తెమిలేలా లేదు. ఆ ఆఖరి నిబంధన పట్టుబట్టి పెట్టించింది అక్కే. చచ్చినవాళ్ళు లేచొచ్చేట్టయితే ఇంక భయమేముంటుందని ఆ రోజు అందరి నోళ్ళూ మూయించింది.

“ఆ రూలు మార్చేద్దామక్కా,” అన్నాడు తమ్ముడు. “చావు తీసేద్దాం. గాయాలు చాలు.”

“చూశావా, మాట దాటేస్తున్నావు. నాకు జాలి రూళ్ళు వద్దురా, సరైన తూకం కావాలి. ఇవాళ్టి నుంచి చావుబతుకుల పాచిక అందరి ముందూ పడాలి. ఏమయ్యా, నీకేమైనా అభ్యంతరమా?”

“నాదేముంది మేడమ్,” అన్నాడు ఎలక్ట్రీషియను టీ కప్పులోకి చూసుకుంటూ.

“అక్కా, నా మాట విను. ఈ ఒక్కసారికీ...”

“ఈ ఒక్కసారికీ అని దుకాణాల వాళ్ళు రోజూ అంటూనే ఉంటారు నాతో.”

తమ్ముడు అట్ట గబగబా మడిచి తన కుర్చీ కిందికి తోసేశాడు. ఆ తొందర కూడా అక్క కళ్ళలో పడింది. దొంగ తూకపు గుండ్లు దాచేవాళ్ళ చేతులు అలాగే కంగారు పడతాయి. అతను పాచికని ఆమె ముందుకు జరిపాడు.

“నువ్వే వెయ్యి.”

వేసింది. పాచిక దొర్లుకుంటూ పోయి బిస్కెట్ల పళ్ళేనికి తగిలి ఆగింది. మూడు.



“పళ్ళేనికి తగిలింది. ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ వెయ్యక్కా,” అన్నాడు తమ్ముడు.

మళ్ళీ వెయ్యాలని ఆమెకు ప్రాణం లాగేసింది. ఆమె అడుగు పెడితే చాలు, ఏ దుకాణంలోనైనా ముఖాలు మాడిపోతాయి. తనని చూసి కుర్చీ జరిపి కూర్చోమనేది లోకంలో ఈ బల్ల ఒక్కటే. కానీ ఇంతసేపూ తూకం గురించి మాట్లాడిన నోటితో ఇంకోసారి అని ఎలా అడుగుతుంది?

“పడింది పడిందే,” అంది.

మూలికలమ్మ వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మూడేళ్ళుగా తుడిచి రాసీ తుడిచి రాసీ మెత్తబడిపోయిన కాగితం. చింపాలనుకుంది గానీ చేతులు రాలేదు. తమ్ముడు లేచి బాల్కనీలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. మరదలు అతని వెనకే వెళ్ళింది. ఎలక్ట్రీషియను చెప్పులు వేసుకుని చప్పుడు కాకుండా మెట్లెక్కాడు.

ఎందుకన్నానా అని అక్కకి అప్పుడే అనిపించడం మొదలైంది. వచ్చే ఆదివారం ఏం చెయ్యాలో తోచలేదు. సంచీ తీసుకోవడానికి వంగితే తమ్ముడి కుర్చీ కింద అట్ట కనిపించింది. ఇంక చూసి చేసేదేముంది? అయినా ఉద్యోగం నేర్పిన చెయ్యి ఊరుకోదు కదా. తీసి మడత విప్పింది.

లోపలి వైపు తమ్ముడి దస్తూరీలో పెన్సిలు రాతలు, తారీకులతో సహా. ‘అక్కకి రెండు పడింది. చిటికెన వేలు పోయిందని చెప్పాను.’ దాని కింద, ‘అక్కకి నాలుగు. ఎడమ చెయ్యి అన్నాను.’ దాని కింద, ‘అక్కకి ఒకటి. కుడి కన్ను.’ మరదలి ఊసు ఎక్కడా లేదు.

అన్నిటికంటే కింద ఇవాళ్టి తారీకు వేసి, అంకె కోసం ఖాళీ వదిలి, దాని పక్కన ముందే రాసిపెట్టుకున్నాడు: ‘ఎంత తక్కువ పడినా సరే, చెవితో సరిపెట్టాలి.’