చివరి పేరు

"చివర్నా? మా కాలేజీని తెచ్చి చివర్న పెట్టినావా?"

రఘునాథన్ కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్ మళ్ళీ చూశాడు. ఎనిమిది కాలేజీల వరసలో అట్టడుగున ఉంది, తను పంతొమ్మిదేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్న కాలేజీ. ఒళ్ళు మండిపోయింది.

ఎదురింటి పంకజవల్లి కూతురు అభినయ తల వంచుకుని నిలబడింది. ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు కోరుకున్న కాలేజీల వరస సాయంత్రం ఐదులోపు లాక్ చేయాలి. రఘునాథన్ హస్తవాసి మంచిదని ఉప్పళంలో ఆ వీధి మొత్తానికీ నమ్మకం. ఏ ఇంటి పిల్లలైనా ఫోన్‌కు కుంకుమబొట్టు పెట్టి, తమలపాకుల పళ్ళెంలో ఉంచి ఆయన ముందుకే తెస్తారు. లాక్ బటన్ ఆయన వేలే నొక్కాలి. ఇప్పుడు ఆ వేలు అభినయ ముఖం ముందు ఆడుతోంది.

"సేఫ్టీకి పెట్టినా మామా," అంది అభినయ. "పైవి ఏవీ రాకపోతే అదైనా ఉంటాదని."

"అదైనానా! ఏంది పాపా ఆ మాట? మేమేమన్నా మిగిలిన సాంబారు పోసి పెట్టుకునే గిన్నెలమా? మా ల్యాబు చూసినావా నువ్వు?"

"లేదు మామా."

"మా లైబ్రరీ?"

"లేదు."

"ఏమీ చూడకుండానే అడుక్కు తోసేసినావు. ఈ వారంలో ముప్పై మంది పిల్లోళ్ళకు నొక్కి ఇచ్చినా. ముప్పై మందీ మమ్మల్ని చివర్నే పెట్టినారు. ఇంక ఓర్చుకునేది లేదు!"

ఆయన కోపంలో అబద్ధమేమీ లేదు. ఏటా కొత్త తరగతిలోకి అడుగుపెట్టగానే, ఇంకెక్కడా సీటు దొరక్క వచ్చి కూర్చున్న అరవై ముఖాలు ఆయన్ని చూసేవి. ఆ చూపులు ఆయనకు ముళ్ళలా గుచ్చుకునేవి.

కూతురి పక్కనే నిలబడ్డ పంకజవల్లికి భయమేసింది. "కోపం పడొద్దన్నా. యాడ పెట్టమంటే ఆడ పెడతాది."

"మొదట పెట్టమను."

అభినయ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొదట పెడితే నా ర్యాంకుకు అదే ఇచ్చేస్తారు మామా. కింద ఉండేవి చూడనే చూడరు. గవర్నమెంటు కాలేజీ రావాలనే గదా రెండేళ్ళు చదివినా."

"మా కాలేజీ వస్తే నీకేం తక్కువంట? చెప్పు!"

మంచి హస్తవాసి ఉన్న మనిషి మనసు కష్టపెడితే ఏమవుతుందోనని తల్లికి దిగులు. కూతుర్ని మోచేత్తో మెల్లగా పొడిచింది. అభినయ ఫోన్ అందుకుని, ఆ చివరి పేరును ఒక్కో మెట్టూ పైకి జరుపుతూ పోయి మొదట నిలబెట్టింది. టైము ఐదుకు పది నిమిషాలు తక్కువ.

రఘునాథన్ ముఖం వెలిగిపోయింది. పంతొమ్మిదేళ్ళ అవమానం ఒక్క దెబ్బతో తీరినట్టనిపించింది.

"ఇదీ మర్యాదంటే!" అని వేలు చాచాడు.

అంతలో ఆయన కూతురు నందిత లోపలినుంచి కాఫీ గ్లాసులు తెచ్చింది. ఆ పిల్లదీ ఈ ఏడే కౌన్సెలింగు. తన వరస పొద్దున్నే నాన్న వేలితోనే లాక్ అయింది.

పంకజవల్లి దిగులు దాచుకుని నవ్వుతూ గ్లాసు అందుకుంది. "సరి, పోనీలే. ఇద్దరూ ఒకే బస్సులో పోయొస్తారు. నీది కూడా నాన్న కాలేజీనే గదా నందితా, మొదట?"

రఘునాథన్ వేలు గాల్లోనే ఆగిపోయింది.

"మొదటా?" నందిత తండ్రి వైపు వింతగా చూసింది. "లేదత్తా. నేనూ అభినయ మాదిరే సేఫ్టీకని చివర్న పెట్టినా. 'ఏ సీటూ రాకపోతే ఇంకో ఏడు ఇంట్లో కూర్చుని చదువు, ఆ కాలేజీ మాత్రం వద్దు' అని నాన్నే తీసేసినారు."