వంటవాడికి మెచ్చుకోలు

ఆమె భర్తకు నాలుక ఒక్కటే గానీ దానికి బుద్ధులు రెండు. ఇంట్లో ఉన్నంతసేపూ తప్పులు వెతుకుతుంది. బారు గుమ్మం దాటగానే కవిత్వం చెబుతుంది.

విస్కీ గ్లాసులో ముక్కు పెట్టి పొగ వాసన, తేనె వాసన, తడిసిన చెక్క వాసన అన్నీ పట్టేస్తాడు. విప్పి పడేసిన తన సాక్సుల వాసన మాత్రం ఇంతవరకూ పట్టలేదు.

ఇవన్నీ ఆమె భరించింది. గత ఆదివారం సంగతి వేరు. ఇంటికి అతిథులొచ్చారు. ఆమె పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి పొట్టేలు మాంసం వండింది. ఆయన ఒక్క ముక్క నోట్లో వేసుకుని, గిన్నె మీద మూత పెట్టి, తను అలవాటుగా వెళ్లే బారు నుంచి అదే వంటకం పార్సిల్ తెప్పించాడు. అతిథులు వేళ్లు నాక్కుంటూ తిన్నారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆకలి లేదని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

లోపల కూర్చుని ఏడవలేదు. ఆలోచించింది. ఆ బారులోనే, అదే వంటకం ముందు పెట్టుకుని, అయినవాళ్లు వింటుండగా ఆయన నోటి వెంట 'తప్పు నాదే' అనే మాట రావాలి. అంతకంటే తక్కువకు ఆమె ఒప్పుకోదలచుకోలేదు.

అవకాశం ఆడపడుచు రూపంలో వచ్చింది. అక్క వచ్చిందన్న సంతోషంలో ఆయన ఇద్దరినీ బారుకు బయల్దేరదీశాడు. భార్య భుజాన పెద్ద సంచీ చూసి, కూరగాయలకు వెళ్తున్నామనుకున్నావా అని అడిగాడు. ఆమె నవ్వి ఊరుకుంది. అలా నవ్వి ఊరుకున్నప్పుడే భయపడాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

బారులో వెలుతురును పొదుపుగా వాడుతున్నారు. వేదిక మీద జాజ్ బృందం. సాక్సఫోన్ ఊదేవాడు కళ్లు మూసుకుని ఏదో పాత పగ తీర్చుకుంటున్నట్టు ఊదుతున్నాడు. ఆమెకు ఆ వాయిద్యం వెంటనే నచ్చింది.

ఆయన మాంసం తెమ్మన్నాడు. ఎప్పటిలాగే వంటవాడికి ఒక సలహా కూడా పంపాడు, సెగ సన్నగా ఉండాలని. ఇప్పుడే వస్తానంటూ ఆమె సంచీతో సహా లేచింది. చేతులు కడుక్కునే గది ఎడమవైపు ఉంది. ఆమె కుడివైపు వంటింట్లోకి వెళ్లింది.

ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యాక తిరిగొచ్చింది. ముఖం కందిపోయి ఉంది. ఏమైందని వదిన అడిగితే, ఉక్కగా ఉందంది.

మాంసం వచ్చింది. ఆయన ఒక ముక్క తిని కళ్లు మూసుకున్నాడు.

"అక్కా, వంటంటే ఇదీ. పంటికి పని లేకుండా కరిగిపోతోంది చూడు." భార్య వైపు తిరిగాడు. "నువ్వూ తిని నేర్చుకో."

ఆమె ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. తర్వాత ఇంకో ముక్క తీసుకుంది.

"వండినాయన్ని పిలిచి ఆ మాటేదో ఆయనకే చెప్పండి," అంది చివరికి.

వంటవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన పొగిడినంతసేపూ తల వంచుకుని విన్నాడు.

"ఆ పొగడ్త నాది కాదు సార్. మేడమ్‌గారు ఇంట్లో వండి తెచ్చారు. నేను వేడి చేశానంతే."

వదిన చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆదివారం సంగతి తమ్ముడే ఆవిడకు ఫోనులో జోకులా చెప్పాడు.

"ఏరా, దీని మీదేనా మూత పెట్టావ్?"

ఆయన గ్లాసందుకుని, వాసన చూడకుండానే ఖాళీ చేశాడు.

"తప్పు నాదే," అని గొణిగాడు.

వినబడలేదంది ఆమె. పక్క బల్ల వాళ్లు తిరిగి చూసేలా మళ్లీ అన్నాడు. వదిన తనివితీరా నవ్వింది. భార్యకు మాత్రం ఎందుకో నవ్వు రాలేదు.

బయల్దేరేటప్పుడు, ఒక్క నిమిషమని చెప్పి ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. వంటవాడు పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూశాడు.

"నేను తెచ్చింది ఒక చెంచా రుచి చూసి చెత్తబుట్టలో పారబోసి, మీరు వండిందే నా పేరు చెప్పి పంపిస్తానన్నప్పుడు ఒళ్లు మండిపోయింది అన్నయ్యా, కానీ తిన్నాక ఒప్పుకుంటున్నా," అంది ఆమె, "మా ఆయన ఇన్నేళ్లుగా అంటున్నదే నిజం, తప్పు నాదే."