మాట్లాడే పెట్టె

మాట్లాడే టీవీ పెట్టె కావాలంటే వెర్నా చేయాల్సిన పనులు ఇవి.

కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి తనకు చూపు లేదని చెప్పాలి. వాళ్లు లైను ఇంకొకరికి కలిపితే అదే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. పాత పెట్టె వెనక ఉన్న నంబరు చదివి వినిపించాలి. పంతొమ్మిదేళ్లుగా కనబడని కళ్లు ఈ వారం కూడా కనబడటం లేదని డాక్టరు చేత రాయించాలి. కంపెనీ పంపే ఫారం నింపాలి. అందులో అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, చూపు లేనివాళ్ల కోసమే కదా మరి.

ఆఖరుగా, టీవీ అందరి హాల్లోది కాబట్టి, తను ఉండే వృద్ధాశ్రమం విల్లో హౌస్‌లో ఉంటున్న పద్దెనిమిది మంది పెద్దవాళ్లనూ ఒప్పించాలి.

పద్దెనిమిది మంది అంటే నిజానికి ఒక్కడే. ఒరెస్ట్.

ఒరెస్ట్ ఒకప్పుడు బంతికి బదులు బిళ్లతో ఆడే ఐస్ హాకీలో ఊరి జట్టుకు గోల్‌కీపరు. హాల్లో ముందు కుర్చీ అతనిది. కెనడాలోని ఆ సస్కచెవాన్ చలికి అందరూ టోపీలు పెట్టుకుంటారు, కానీ అతను చెవులు కప్పే ఆ ఉన్ని టోపీని హీటరు పక్కన కూర్చున్నా తీయడు. మ్యాచ్ వస్తుంటే అతను ముందు “గోల్!” అని అరుస్తాడు. ఆ తర్వాతే టీవీలో గోల్ పడుతుంది.

“ఎలా పసిగడతావయ్యా?” అని అడిగితే, “మీరు బిళ్లను చూస్తారు. నేను ఆటను చూస్తాను,” అంటాడు.

హాలు వ్యవహారాలు చూసే జానీస్ ఒక మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టింది. కొత్త పెట్టె ఏ చానెల్ వస్తోందో పైకి చదువుతుందని, సినిమాలో మాటల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా తెర మీద ఏం జరుగుతోందో చెబుతుందని వివరించింది.

“అంటే టీవీలో ఏముందో టీవీయే చెప్తుందా?” అన్నాడు ఒరెస్ట్. “భేష్. రేపటి నుంచి భోజనంలో పెరోగీలు కూడా ఎవరైనా నమిలి పెడతారేమో కనుక్కో జానీస్.”

హాలంతా నవ్వింది. నవ్వు రానివాళ్లు ముందు కుర్చీ వైపు ఒకసారి చూసి నవ్వారు.

“‘ఆమె తలుపు తీసింది. అతను కప్పు పట్టుకున్నాడు.’ ఛీ! ఇది సినిమా చూడటమా, పోలీసులకు వాంగ్మూలం ఇవ్వడమా?” అన్నాడు మళ్లీ.

“నీకేం నష్టం ఒరెస్ట్?” అంది వెర్నా వెనక వరుసలోంచి. “మ్యాచ్ అవగానే గదికి పోతావుగా. సినిమా ఒక్కటీ చూడవు.”

“చెత్త కాబట్టి పోతాను. అయినా నీకు రేడియో ఉందిగా? మా టీవీ కంటే ఏడు సెకన్లు ముందే గోల్ అని కూసి మా ఆట చెడగొడుతుంటేనే కదా, నాలుగేళ్ల కిందట నిన్ను చెవిలో పెట్టుకోమన్నది! ఇప్పుడు టీవీ మీద కూడా పడ్డావా? చూడలేనిదానికి టీవీ ఎందుకు తల్లీ?”

ఈసారి నవ్వు కొంచెం తగ్గింది. జానీస్ ముఖం ఎర్రబడింది.

వెర్నా ఇయర్‌ఫోన్ తీగను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

“ఒక్క నెల చూద్దాం,” అంది. “మ్యాచ్ ఉన్నరోజు దాని నోరు మూసేద్దాం. మిగతా రోజుల్లో మాట్లాడనిద్దాం. నెలయ్యాక నువ్వు వద్దంటే మంచులో గిరాటేద్దాం.”

“వద్దనే అంటాను. రోజూ ఇక్కడే కూర్చుని, అది కూసే ప్రతి చెత్తకూతా అందరి ముందూ ఎండగడతాను.”

“కూర్చో మరి. రోజూ కూర్చోవాలి. ఒక్కరోజు లేచిపోయినా నువ్వు ఓడిపోయినట్టే.”

“నేనా? ఓడిపోవడమా?” అన్నాడు ఒరెస్ట్.

పెట్టె వచ్చింది. బిగించిన మనిషి ఒక లావుపాటి పుస్తకం వెర్నా చేతిలో పెట్టి, “అన్నీ ఇందులో ఉన్నాయి, చూసుకోండి,” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఒరెస్ట్ మాట నిలబెట్టుకున్నాడు. మొదటి సాయంత్రం సినిమాలో, “ఆమె ఉత్తరం మడిచి పొయ్యిలో వేసింది,” అంది పెట్టె.

“మాకు కళ్లున్నాయిలే అమ్మా!” అన్నాడు ఒరెస్ట్.

రెండో వారానికి అతని వెటకారం సినిమాకి రెండు మూడుసార్లకు తగ్గింది. మూడో వారంలో పక్కన ఎవరో గట్టిగా దగ్గితే కసిరాడు. సినిమా అయిపోయాక పేర్లు పడుతున్నా లేచేవాడు కాదు.

నెల నిండింది. “గిరాటేద్దామా?” అని అడిగింది జానీస్.

“ఉండి ఏడవనీ. అది వాగుతుంటే నాకు కునుకు బాగా పడుతోంది,” అన్నాడు. అతను కునుకు తీయడం మాత్రం ఎవరూ చూడలేదు.

విడ్డూరం ఏమిటంటే, వెర్నా మొదటి మూడు రోజులు వచ్చి, ఆ తర్వాత సినిమాలకు రావడం మానేసింది. జానీస్‌కు ఒళ్లు మండింది. తిన్నగా ఆమె గదికి వెళ్లింది.

“రెండు నెలలు ఆ కంపెనీవాళ్లతో అవస్థ పడ్డారు, ఒరెస్ట్ చేత మాటలు పడ్డారు. తీరా పెట్టె వచ్చాక మీరే వినరా? అసలు ఈ తంటా అంతా ఎవరి కోసం పెట్టుకున్నారండీ?”

“నాకు రేడియోనే బాగుంటుందమ్మా,” అంది వెర్నా.

జానీస్ విసురుగా తలుపు లాక్కుని వెళ్లిపోయింది. పంతం కోసం అంత రాద్ధాంతం చేసిన ముసలమ్మ అని హాల్లో ఆమెను ఇప్పటికీ ఆడిపోసుకుంటారు.

మీరైనా వెర్నాను గుర్తుంచుకోండి: నాలుగు చలికాలాలు ఒరెస్ట్ “గోల్!” అని అరిచిన ప్రతిసారీ సరిగ్గా అదే క్షణంలో తన చెవిలోని రేడియో కూడా “గోల్!” అంటుంటే, ఆ ఉన్ని టోపీ కింద ఇంకో రేడియో ఉందనీ, ముందు కుర్చీలో ఉన్నా అతని కళ్లకు టీవీ ఆనడం లేదనీ పసిగట్టి, ఎవరితోనూ అననిది ఆ హాలు మొత్తానికి ఆమె ఒక్కతే.