చారు గిన్నె

మెట్టుగూడ ఇంటి మెట్ల మీద కూర్చున్న దేవిని, మేడ మీద గదిలో కొత్తగా దిగిన హరికిషన్ నోరు తెరవమన్నాడు.

నీళ్ళ బిందెతో వస్తున్న తల్లి లోవలక్ష్మి చూసింది.

“ఏటండీ అది? మా పిల్ల నోట్లో మీకేటి పని?”

“చిగుళ్ల మీద నీలి గీత ఉందమ్మా. కడుపు నొస్తదంటదా?”

“నులిపురుగులు. మందు పోస్తన్నాం.”

ఆరేళ్ళ దేవి నెలల తరబడి సరిగా తినడం లేదు. వచ్చిన అక్షరాలు మరిచిపోతోంది. తండ్రి సూరి మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసి వచ్చి, బూట్లతోనే నిద్రపోతాడు. డాక్టర్ల చుట్టూ లోవలక్ష్మే తిరిగి అలిసిపోయింది.

మర్నాడు హరికిషన్ తలుపు తట్టాడు.

“అమ్మా, మీ చారు ఓ గిలాసల ఇస్తరా?”

వండుకోవడం రాదు కాబోలనుకుని ఇత్తడి గిన్నెలోంచి పోసిచ్చింది.

సాయంత్రం మళ్ళీ వచ్చాడు.

“గా ఇత్తడి గిన్నెల చారు కాయకుండ్రి. లోపలి కళాయి పూతల సీసం కలిపిండ్రు. పులుపుకు అది చారులోకి దిగుతది. పాప రక్తం జెర ఇస్తే...”

“రక్తమా!”

తలుపు మూసేసింది. అమ్మ తుని నుంచి పంపిన గిన్నె అది. అందులో కాస్తేనే చారుకు రుచి.

పిల్ల రక్తం అడుగుతున్నాడని ఇంటి ఓనరు పర్వతాలుతో చెప్పింది.

“పరేషాన్ గాకమ్మా. గాయన్ను ఖాళీ చెయ్యమంట.”

వెళ్తూ హరికిషన్ ఆమె గుమ్మంలో కొత్త స్టీలు గిన్నె పెట్టిపోయాడు.

“అదీ సంగతి! గిన్నెలమ్ముకునే బాపతే!” అని దాన్ని అటకెక్కించింది.

వానాకాలంలో దేవికి ఫిట్స్ వచ్చాయి.

ఒంట్లో సీసం ఉందన్నారు ఆసుపత్రిలో. పక్కనున్న పరిశోధన ల్యాబువాళ్ళు కాస్త రక్తం అడిగితే, ఈసారి కాదనలేదు.

ల్యాబులో సుమిత్ర అనే అమ్మాయి మైక్రోస్కోపులో చూపించింది. చీకట్లో పచ్చగా మెరుస్తున్న చుక్కలు.

“మీ పాప కణాలు. బతికే ఉన్నయి. మేం వేసే పాలిమర్ అనే రసాయనం వాటి లోపలికి పోతది. సీసం తగిలితే ఇట్ల వెలుగుతది.”

“తగ్గుతాదా అమ్మా?”

“ప్రాణానికి భయం లేదు. చదువు సంగతే ఇప్పుడు చెప్పలేం. జెర ముందు తెలిసుంటే బాగుండేది.”

లోవలక్ష్మి మళ్ళీ మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది.

“దీన్నెవరు కనిపెట్టారు?”

“మా హరికిషన్ సార్. మెట్టుగూడల గది ఖాళీ చేయించిన్రంట. ఊరే వదిలి పోయిండు.”

సుమిత్ర మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

“ఫస్ట్ ఇట్ల వెలిగినవి సార్ బిడ్డ కణాలే. ఆ పాప సీసంతో పోయినంక సుత ఈ గాజు పళ్లెంల కొన్ని దినాలు బతికున్నయి. అవి ఉన్నన్ని దినాలు సార్ ఇంటికి పోలే.”